చప్పుడు లేని బండి

ఫిబ్రవరి 11

పంతులమ్మకి,

అత్త రాసేది. ఒత్తుల్లో తప్పులుంటే ఎర్ర గీతలు పెట్టి తిరిగి పంపకు. నువ్వు ఆరో తరగతి చదివేటప్పుడు నాకు అక్షరాలు నేర్పిస్తూ గీసినవి చాలు. ఫోను చేద్దామంటే నీ గొంతు నాకు సీసాలో ఈగ తిరిగినట్టు ఉంటుంది. మీ నాన్న పక్కన కూర్చుని నీ మాటలు నాకూ నా మాటలు నీకూ చేరవేస్తాడు, మధ్యలో సగం తన సొంతవి కలిపేస్తాడు. కాబట్టి కాగితమే మేలు.

బండి కొన్నాను. కొత్తది కాదు, ఒక చేతి మీద నడిచింది. నువ్వు చెప్పినట్టే కరెంటు బండి. నువ్వు రాసిన ఉత్తరం దగ్గర పెట్టుకునే బేరం చేశాను. ఆయిలు మార్చక్కర్లేదు, బెల్టులు లేవు, ఖర్చు ఉండదు అని రాశావు కదా, అదంతా అమ్మేవాడికే చదివి వినిపించాను. అన్నీ ఒప్పుకున్నాడు, ధర మాత్రం తగ్గించలేదు.

మా నూలు మిల్లు మూసేసినప్పటి నుంచీ ఏం చేయాలా అని చూస్తున్నాను కదా. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళని తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను. నువ్వు మొదటి జీతంతో కొన్న చెవి మిషన్ చూపించాకే లైసెన్సు ఇచ్చారు. డాక్టరు దాని మీద ముద్ర కూడా వేశాడు. మా ఇంటి ముందు గోడకి ఛార్జింగ్ మిషన్ బిగించారు. పక్కింటివాళ్ళు వచ్చి చూసి, ఇది నీళ్ళ మోటారా అని అడిగిపోయారు.

ఒక ఖాతా కుదిరింది. బట్టలు కుట్టే ఆవిడ, నా వయసే ఉంటుంది, టైలరక్క అంటాను. మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు బాగా మాట్లాడుతుంది, నేను తలూపుతాను, తను సంతోషిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు పిండేసిన గుడ్డలా వెనక సీట్లో వాలిపోతుంది. అప్పుడు ఈ బండి విలువ తెలుస్తుంది. కుదుపు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. దానికి నోరు లేదు, నాకు చెవి లేదు. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మొన్న మొదటి సర్వీసు చేయించాను. గ్యారేజీ అంటే నల్లటి నేల, నల్లటి గోడలు అనుకుని పాత చీర కట్టుకుని వెళ్ళాను. అక్కడ నేల మీద ఒక్క నూనె చుక్క లేదు. గాజు గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. టై కట్టుకున్న ఒకాయన నా ఎదురుగా కూర్చుని, మాట మాటకీ నా మొహం చూస్తూ అడిగాడు, పెదాలు చదవడానికి హాయిగా ఉంది. "చప్పుడేమైనా వస్తోందా అమ్మా?" అన్నాడు. "లేదు బాబూ, చీమ చిటుక్కుమన్నంత కూడా లేదు" అన్నాను. రాసుకున్నాడు. లోపలికి వచ్చే గాలిని వడకట్టే అట్ట ఒకటి మార్చారట. బిల్లు నాకు నవ్వొచ్చేంత తక్కువ. నీ మాట నిజమైంది.

ఒంటరిగా ఉంటున్నావు, గదికి గడియ సరిగ్గా పడుతోందా లేదా రాయి.

నీ మేనత్త

ఫిబ్రవరి 20

అత్తా,

నీ ఉత్తరం ల్యాబులో భోజనాల వేళ చదివాను. పరీక్షకొచ్చిన నీళ్ళ సీసాల మధ్య కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే మా పక్క బల్ల ఆవిడ ఏమైందని అడిగింది. మా అత్త కారు కొంది అన్నాను. ఆ మాట పైకి అనడం నాకే కొత్తగా ఉంది. మన ఇంట్లో ఎవరికైనా సైకిలు కంటే పెద్ద బండి ఉందా ఇంతవరకూ?

ఒత్తులు ఒక్కచోట మాత్రమే తప్పాయి. ఎక్కడో చెప్పను.

బండి గురించి చదివినవి రాస్తున్నాను. రోజూ నిండా ఛార్జింగ్ పెట్టకు, ఎనభై శాతం దగ్గర ఆపితే బ్యాటరీ ఎక్కువకాలం వస్తుంది. నిండుగా ఉంటేనే నీకు ధైర్యమని తెలుసు, కానీ బిందె కాదు కదా అది. ఇంకో సంగతి. ఈ బండ్లలో కాలు తీయగానే మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేకులు దాదాపు అరగవు. ఎవరైనా బ్రేకుల పని ఉందని బిల్లు వేయబోతే ఒప్పుకోకు. ఆడమనిషి ఒక్కతే వచ్చింది కదా అని అక్కర్లేనివి అంటగడతారట. నేను చాలామంది రాసినవి చదివాను.

మిషన్ రోజూ పెట్టుకుంటున్నావా? బద్ధకించకు. తడి తగలనివ్వకు. నోరూ చెవీ అని నువ్వు రాసిన జోకు నాకేం నచ్చలేదు.

గడియ బాగానే పడుతోంది. గదిలో ముగ్గురం. నాకు కిటికీ పక్క మంచం దొరికింది. ట్రంకు పెట్టె తిరగేసి దాని మీద ఇది రాస్తున్నాను, అందుకే వంకర.

టైలరక్కని అడిగానని చెప్పు.

నీ కోడలు

ఏప్రిల్ 6

పంతులమ్మకి,

ఖర్చు ఉండదన్నావు. కూర్చుని విను.

పోయిన సోమవారం పొద్దున తాళం నొక్కితే బండి ఉలకలేదు, పలకలేదు. తలుపు కూడా తెరుచుకోలేదు. టైలరక్క గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడి ఉంటుంది. మా వీధి మెకానిక్కుని పిలిచాను. ఎలాగో బానెట్ ఎత్తాడు. నారింజ రంగు వైర్లు కనబడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "పిన్నీ, వీటిని ముట్టుకుంటే నేను బుగ్గయిపోతాను, పెద్ద సెంటరుకే పంపించు" అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఏ బండినైనా పొట్ట చీల్చి చూసే మనిషి అలా అనేసరికి సెంటరుకే కబురు పెట్టించాను. టైలరక్క వేరే బండిలో వెళ్ళింది. ఆలస్యమైందని అక్కడ మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారట, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుందట.

లాగే బండి కూడా మామూలుది పనికిరాదు, నాలుగు చక్రాలూ పైకెక్కించుకునేదే కావాలి. దాని కిరాయి వింటే నా చెవులకి ఏం కాకపోయినా అప్పుడు చెవుడొచ్చేది. తీరా చూస్తే ఏమిటట? కింద ఉన్న పెద్ద బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ముందు ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది చూడు, పెట్రోలు కార్లలో ఉండేదే, అది చచ్చింది. ఆ చిన్నది లేపితేగానీ పెద్దది లేవదట. మీ ఇంట్లో మీ నాన్నని మీ అమ్మ లేపినట్టన్నమాట.

చిన్న బ్యాటరీకి ఒక బిల్లు. కంప్యూటరు తగిలించి చూసినందుకు ఇంకొకటి. బండి బరువెక్కువట, టైర్లు వెనకవి రెండూ అరిగిపోయాయట, అవీ మార్చారు. మొత్తం కలిపి రెండు వారాల నా కష్టం. పెట్రోలు మిగిలింది కదా అని టై కట్టుకున్నాయన లెక్క వేసి చూపించాడు. మిగిలిన మాట నిజమే. మిగిలింది మిగిలినట్టు కొంచెం కొంచెంగా వస్తుంది, పోయేది మాత్రం ఒక్కసారిగా పోతుంది. అది ఆయన లెక్కలో లేదు.

ఒక్క దగ్గర మాత్రం నేను గెలిచాను. వెనక బ్రేకులు విప్పి, తుడిచి, గ్రీజు పెట్టాలని ఒక పద్దు రాశాడు. కొట్టేయమన్నాను. "మా కోడలు చదువుకుంది, బ్రేకులు అరగవని రాసింది" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. చెబుతూ చెబుతూ కంప్యూటరు వైపు తిరిగిపోయాడు, ఆ సగం నాకు అందలేదు. మళ్ళీ నా వైపు తిరిగి, "చప్పుడేమైనా వస్తోందా?" అన్నాడు. లేదన్నాను. కొట్టేశాడు.

మిషన్ గురించి అడిగావు. రోజూ మరిచిపోకుండా పెడుతున్నాను. తడి తగలకుండా ప్లాస్టిక్ కవరు తొడిగాను. ఇంత చెప్పించుకునేదాన్ని కాదు నేను.

నీ మేనత్త

ఏప్రిల్ 15

అత్తా,

చిన్న బ్యాటరీ సంగతి నాకు తెలియదు. ఖర్చు ఉండదని రాసే ముందు ఇంకా చదవాల్సింది. కొనమని చెప్పేవాళ్ళు రాసినవి ఎక్కువ చదివాను, కొని వాడుతున్నవాళ్ళు రాసినవి తక్కువ చదివాను. ఇప్పుడు అవి చదువుతున్నాను. సర్వీసుకి వెళ్ళాల్సిన పని తక్కువే, కానీ వెళ్ళాల్సి వస్తే వేరే దిక్కు ఉండదని చాలామంది రాశారు. నీ మెకానిక్ లాంటివాళ్ళే అన్నిచోట్లా.

బ్రేకుల పద్దు కొట్టించావు చూడు, శభాష్. అడగడమంటే అదే. ఇంత పెద్ద గాజు గదిలో నువ్వు అలా అన్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో. నేనైతే తలొంచుకుని సంతకం పెట్టేసేదాన్ని.

మిషన్‌కి కవరు తొడిగి దాచుకుంటున్నావంటే నిశ్చింతగా ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని బీరువాలో పడేశావేమోనని భయపడ్డాను. పెట్టుకుంటే మనుషుల మాటలు బాగా వినబడుతున్నాయా? చప్పుడేమైనా తేడాగా వస్తే వెంటనే బండి ఆపేయ్, ఎవరినైనా ఎక్కించుకుని ఉన్నా సరే.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నీళ్ళ శాంపిళ్ళు రెట్టింపయ్యాయి. నాకు జీతం పెంచుతామన్నారు, ఎప్పుడో మాత్రం చెప్పలేదు.

నీ కోడలు

జూన్ 2

పంతులమ్మకి,

పని మీద ఉన్నాను, రెండు ముక్కలే రాస్తున్నాను.

బండి సర్వీసులో ఉంది. వెనక బ్రేకు. నువ్వు అరగవన్నావు, అరగలేదు నిజమే. వాడక వాడక తుప్పు పట్టి బిగుసుకుపోయిందట. చక్రాన్ని పట్టుకుని వదల్లేదట. పళ్ళెంలాంటివి రెండూ, వాటిని పట్టుకునేవీ అన్నీ మార్చాలి. బిల్లు ఎంతో రాయను, నువ్వు దాని గురించి ఆలోచించకు.

టైలరక్క బస్సులో వెళుతోంది.

నేను బాగానే ఉన్నాను. మీ నాన్న ఏదైనా చెబితే సగం తీసేసి విను.

అత్త

జూన్ 7

అత్తా,

నాన్న చెప్పాడు. సగం తీసేశాను. మిగిలిన సగమే నాకు నిద్ర పట్టకుండా చేస్తోంది.

ఆసుపత్రి నుంచి వాలులో దిగుతున్నావట. టైలరక్క వెనక సీట్లో ఉంది. వెనక సీట్లోకి కాలిన వాసన వచ్చిందట, వెనక చక్రం దగ్గర రాపిడి చప్పుడు కూడా పెద్దదైందట. ఆ చప్పుడు కొన్ని వారాలుగా ఉన్నదే. ఆవిడ నీకు చెబుతూనే ఉందట, నువ్వు తలూపుతూ ఉన్నావట, నీకు తెలిసే నడుపుతున్నావనుకుందట. ఆ రోజు మాత్రం "ఆపమ్మా, ఆపు" అని అరిచింది. నువ్వు అద్దంలో చూసి నవ్వావట. తలూపావట. ఇంకా పోనిచ్చావట. ఎవరో మనిషి రోడ్డుకి అడ్డంగా పరిగెత్తుకొచ్చి బానెట్ మీద రెండు చేతులతో బాదితేగానీ ఆపలేదు. చక్రం దగ్గర పొగ. చికిత్స అయి వస్తున్న మనిషి, తనంతట తను దిగలేకపోయింది. నలుగురు కలిసి దింపారు.

సెంటరులో టై కట్టుకున్నాయన నాన్నతో, ఇన్ని వారాలు ఈ రాపిడి వినబడకుండా ఉండటం అసాధ్యం అన్నాడట. నాన్న తల దించుకుని వచ్చాడట.

మిషన్ పెట్టుకుంటున్నావా అని నేను అడిగాను. రోజూ పెడుతున్నానని నువ్వు రాశావు. నీ ఉత్తరం నా ముందే ఉంది. కవరు తొడిగానని కూడా రాశావు. నాకు చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? అరిచేదాన్నా? అరిచినా నీకు వినబడదు కదా. ఉన్నది ఉన్నట్టు రాయడం కోసమే కదా మనం కాగితం మీద మాట్లాడుకునేది. నువ్వు నాతో అబద్ధమాడతావని నేను ఎప్పుడూ అనుకోలేదు.

బండి అమ్మేయ్ అత్తా. బిల్లు కట్టి బయటికి తెచ్చి అమ్మేయ్. బతకడానికి ఇంకేదైనా చూద్దాం. ఆవిడకి ఏమైనా అయి ఉంటే? ఎదురొచ్చిన ఆ మనిషికి ఏమైనా అయి ఉంటే?

కోపంగా రాస్తున్నాను. తిరిగి చదివితే పంపనేమో, అందుకే చదవడం లేదు.

నీ కోడలు

జూన్ 14

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తరవాత పాతవన్నీ తీసి చదివాను.

నేను అబద్ధం ఆడలేదు. నువ్వు బ్యాటరీ గురించి, ఛార్జింగ్ గురించి రాసుకుంటూ వచ్చి, వెంటనే మిషన్ అన్నావు. తడి తగలనివ్వకు అన్నావు. గోడ మీద ఉన్న మిషన్ అనుకున్నాను. మాకు పైకప్పు కారుతుందని నీకు తెలుసు కాబట్టి అడిగావనుకున్నాను. రోజూ దాన్నే పెడుతున్నాను. ప్లాస్టిక్ కవరు దానికే తొడిగాను. మీ నాన్నని అడుగు, గోడకి ఇప్పటికీ ఉంది. ఏప్రిల్లో మనుషుల మాటలు వినబడుతున్నాయా అని నువ్వు రాసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. అప్పుడు రాయాల్సింది. రాయలేదు. అది నా తప్పే. కానీ అబద్ధం మాత్రం ఆడలేదు.

నవ్వానన్నావు. అవును, నవ్వాను. మిల్లులో ఎవరైనా ఏదైనా అంటే నవ్వి తలూపేవాళ్ళం. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు. పక్కన నూలు వడికే ఫ్రేము దగ్గరి మనిషి నోరు కదిలిందంటే మనల్ని పలకరించిందని అర్థం, తలూపితే మేమూ ఉన్నామని అర్థం. అంతకంటే అక్కడ మాట్లాడుకునేదేం లేదు. నా సగం వయసు అలా తలూపుతూనే గడిచింది. టైలరక్క నోరు అద్దంలో కదిలింది. నాకు అంతవరకే అందింది.

చెవి మిషన్ ఎందుకు పెట్టుకోలేదో చెబుతాను, నవ్వకు. మొదటి రోజు పెట్టుకునే నడిపాను. అందరూ చప్పుడు లేని బండి అంటారు. మిషన్ పెట్టుకుంటే చప్పుడు ఉంది. వేగం పెరిగేకొద్దీ సన్నగా కూస్తుంది, పైకి పైకి పోతుంది. మిల్లులో నూలు ఫ్రేము అచ్చం అలాగే కూసేది. దారం తెగే ముందు ఆ కూత మారుతుంది, అప్పుడు చేయి పెట్టి అందుకోవాలి. అందుకోకపోతే మేస్త్రీ వచ్చేవాడు. ఆ కూత వింటూ స్టీరింగు పట్టుకుంటే నా కుడిచేయి తనంతట తను పైకి లేవబోయేది, లేని దారం పట్టుకోవడానికి. ఒకసారి నిజంగానే లేచింది, బండి పక్కకి వెళ్ళింది. భయం వేసి మిషన్ తీసి సంచీలో వేశాను. తీశాక ఎంత హాయిగా ఉందో. మిల్లు మూతపడ్డ తరవాత కూడా నా తలలో మోత ఆగలేదు, ఆ బండిలో కూర్చున్నాకే ఆగింది. మనుషులని ఎక్కించుకున్నానన్న సంగతి ఆ హాయిలో మరిచిపోయాను.

అమ్మేయమన్నావు. నీకు అనే హక్కుంది. కానీ ఒకటి ఆలోచించు. నా చేతులు దారానికి తప్ప పనికిరావనుకున్నాను. ఈ బండి ఎక్కాక, ఒక మనిషి గుమ్మంలో నా కోసం నిలబడి ఎదురుచూడటం మొదటిసారి చూశాను. ఆ మనిషే ఇప్పుడు నన్ను చూసి వీధి అవతలి వైపుకి దాటి నడుస్తోంది. అమ్మేస్తే ఆవిడ దృష్టిలో నేను ఎప్పటికీ ఆ నవ్విన మనిషినే.

అమ్మను. మిషన్ లేకుండా మాత్రం స్టీరింగు ముట్టుకోను. పెట్టుకుంటే చేయి లేస్తుంది. ఏం చేయాలో తెలియడం లేదు. చదువుకున్నదానివి నువ్వే చెప్పు.

అత్త

జూన్ 22

అత్తా,

పెట్టుకుంటున్నావా అని నేను రాశాను. పెడుతున్నాను అని నువ్వు రాశావు. పెట్టుకోవడం వేరు, పెట్టడం వేరు. ఆ తేడా నీకు నేర్పినదాన్నే నేను, అయినా చూడకుండా దాటిపోయాను. నువ్వు అబద్ధమాడావన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మాట రాసిన కాగితం చించేయ్.

బ్రేకుల పద్దు నువ్వు కొట్టించింది నా మాట మీదే. ఆ సంగతి నువ్వు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది నాకు.

అమ్మేయమన్న మాట గురించి ఇంకా తేల్చుకోలేదు. చెవుల డాక్టరు దగ్గర పనిచేసే ఒకావిడని అడిగాను. మిషన్‌లో ఒక్కో స్థాయి చప్పుడుని విడిగా తగ్గించొచ్చట, పెంచొచ్చట. ఏ కూత ఇబ్బంది పెడుతోందో వాళ్ళకి తెలియాలి, గదిలో కూర్చుని చెబితే తెలియదు. మిషన్ సరిచేసే మనిషిని నీ బండిలోనే ఎక్కించుకో. నడిపేది వేరేవాళ్ళు, నువ్వు పక్క సీట్లో. ఆ కూత వచ్చినప్పుడు చూపించు. పూర్తిగా పోదట, తగ్గుతుందట. పూర్తిగా తీసేస్తే మనుషుల మాటల్లో కొన్ని అక్షరాలు కూడా పోతాయట.

అది అయ్యాక చాలారోజులు ఒక్కదానివే తిరుగు. నీ చేయి లేవడం మానిందని నీకు నమ్మకం కుదిరేవరకూ ఎవరినీ ఎక్కించుకోకు. కుదరకపోతే నువ్వే అమ్మేస్తావు, నేను చెప్పక్కర్లేదు.

నీ కోడలు

ఆగస్టు 9

పంతులమ్మకి,

ఆలస్యమైంది. చెప్పడానికి ఏదైనా ఉంటేగానీ రాయకూడదనుకున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మిషన్ సరిచేసే అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకున్నాం. మా వీధి మెకానిక్ నడిపాడు. నారింజ వైర్లంటే భయం గానీ నడపడానికి భయం లేదు వాడికి. మీ నాన్న కూడా ఎక్కాడు, పిలవకపోయినా. కూత వచ్చినప్పుడల్లా నేను చేయి ఎత్తాలి, ఆ అమ్మాయి తన ఒళ్ళో ఉన్న కంప్యూటరులో ఏదో జరిపేది. మొదట్లో నేను ఎత్తకుండానే చేయి లేచేది. అమ్మాయి అది చూసి, మెల్లగా జరుపుతూ పోయింది. పూర్తిగా పోలేదు. పక్క గదిలో ఫ్రేము నడుస్తున్నట్టుంది ఇప్పుడు. పక్క గది అయితే నేను లేచి వెళ్ళక్కర్లేదు కదా.

ఆ తరవాత బండిని సెంటరులో మళ్ళీ చూపించినప్పుడు టై కట్టుకున్నాయన, "చప్పుడేమైనా వస్తోందా?" అని అడగలేదు. అడగడానికి మొహమాటపడ్డాడు. నేనే చెప్పాను. పక్కకి తిరిగేటప్పుడు వెలిగే లైటు టిక్కుటిక్కుమంటుంది. రోడ్డు గరుకుగా ఉంటే టైర్లు ఒకలా మోగుతాయి, నున్నగా ఉంటే ఒకలా. సీటు బెల్టు పెట్టుకోకపోతే బండి సణుగుతుంది. ఇవన్నీ ముందు నుంచీ ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. ఏడాదికోసారి బ్రేకులు విప్పి తుడిచే పద్దు ఈసారి నేనే రాయించాను. వాలులో దిగేటప్పుడు అప్పుడప్పుడూ బ్రేకు పెడలు కూడా తొక్కమన్నాడు, తుప్పు పట్టకుండా. బిల్లు కట్టడానికి బంగారం ఏమీ అమ్మలేదు, కంగారుపడకు. మీ నాన్న కొంత సర్దాడు. మిగతాది సర్దుతాననడమే సర్దడం అనుకుంటున్నాడు.

నెల రోజులు ఒక్కదాన్నే తిరిగాను. ఖాళీ సీట్లతో.

మధ్యలో టైలరక్క ఇంటికి వెళ్ళాను. గుడ్డ కత్తిరిస్తోంది. నన్ను చూసి కత్తెర ఆపలేదు. మిషన్ చూపించాను, సర్వీసు కాగితం చూపించాను. "నేను నీ మీద కేసేమైనా పెట్టానా? కాగితాలు నాకెందుకు చూపిస్తావు?" అంది. నేను నిలబడే ఉన్నాను. "అరిచి అరిచి నా గొంతు పోయింది ఆ రోజు. నువ్వు నవ్వుతున్నావు" అంది. అంతే. నేను వచ్చేశాను. 

నిన్న వాన. బస్సులు తిరగలేదు. పొద్దున్నే వాళ్ళ అమ్మాయి మీ నాన్నకి ఫోన్ చేసిందట, అత్త బండి ఉందా అని. వెళ్ళాను. టైలరక్క గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడి ఉంది. నా మొహం చూడలేదు. వెనక సీట్లోకి ఎక్కి తలుపు వేసుకుంది. బండి పోనిచ్చాను.

అద్దంలో చూడకూడదని ముందే అనుకున్నాను. వెనకాల మాట చెవితోనే వినాలి, అద్దంలో చదవకూడదు. వాన నీళ్ళు, అద్దం తుడిచే పుల్లలు, టైర్లు, ఆ పక్క గది కూత, అన్నీ కలిసి చెవిలో సంతలా ఉంది. కొంత దూరం వెళ్ళాక ఆవిడ ఫోనులో మాట్లాడటం వినబడింది. వాళ్ళ అమ్మాయితో. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఎక్కానే. భయంగానే ఉంది. ఏం చేయను, వెళ్ళకపోతే బతకను కదా" అంది.

అన్ని మాటలూ విన్నాను. ఒక్క అక్షరం పోలేదు. మిషన్ పెట్టుకుని ఇన్ని రోజులుగా నేను విన్న మాటల్లో ఇంత స్పష్టంగా వినబడింది అదే.

పక్కకి తీసి ఆపాను. వెనక్కి తిరగలేదు. "అక్కా, దింపెయ్యమంటావా? వేరే బండి పిలుస్తాను, అది వచ్చేదాకా ఇందులోనే కూర్చో" అన్నాను.

 పుల్లలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"వినబడిందా?" అంది.

"వినబడింది."

 ఫోను సంచీలో వేసుకున్న చప్పుడు, బెల్టు సర్దుకున్న చప్పుడు విన్నాను.

"ఆలస్యమైతే మంచం ఇచ్చేస్తారు, పోనివ్వు" అంది. కదిలాక, "ఆ ముందు లారీకి కాస్త దూరంగా ఉండు" అంది.

దూరంగా ఉన్నాను.

అత్త